వత్తి తడిగా ఉన్నంతసేపు



"అబ్బే, అది పొగ కాదు నాన్నా, ఉత్త నీటి ఆవిరి." సెలవులకు ఇంటికొచ్చిన కొడుకు బ్యాగులోంచి పెన్నో పెన్‌డ్రైవో తెలియని వస్తువొకటి బయటపడినప్పుడు ఈమధ్య చాలా ఇళ్లలో వినిపిస్తున్న జవాబిది. తండ్రికి ఏమనాలో తోచదు. బూడిద లేదు, అగ్గిపెట్టె లేదు, చొక్కాకి కంపు లేదు. పైగా గదంతా మామిడిపండు వాసన. సిగరెట్ అయితే తిట్టడానికి మాటలు సిద్ధంగా ఉండేవి. దీన్ని ఏమని తిట్టాలి?

ఆ కుర్రవాడు కావాలని అబద్ధమాడాడని నేననను. అమ్మినవాడు అతనికి అలాగే చెప్పి ఉంటాడు. కానీ ఆ మాట నిజం కాదు. ఆ గొట్టంలో నీళ్లంటూ ఉంటే కొసరుగా ఉంటాయంతే. మరి గుప్పున వచ్చే ఆ తెల్లటి మబ్బు ఏమిటి, మంట లేకుండా అదెలా పుడుతోంది అన్నది ఈ కాసేపట్లో చెబుతాను. మంచిచెడ్డల సంగతి తర్వాత, ముందు యంత్రాన్ని చూద్దాం. యంత్రం అర్థమైతే మంచిచెడ్డలు సగం వాటంతటవే తేలతాయి.

దీని సూత్రం మనకు కొత్తదేమీ కాదు. రాత్రిపూట గోడ ప్లగ్గుకి దోమల మందు లిక్విడ్ తగిలిస్తాం కదా. సీసా మూతిలో నల్లటి పుల్ల ఒకటి నిలబడి ఉంటుంది. అదే వత్తి. అడుగునున్న మందు ఆ పుల్లలోని సన్నటి రంధ్రాల గుండా తనంతట తానే పైకి పాకుతుంది. పైన పుల్ల కొస చుట్టూ చిన్న రింగు వేడెక్కి ఉంటుంది. ఆ వేడికి మందు ఆవిరై గదిలో కలుస్తుంది. ఈ-సిగరెట్‌లోనూ ఉన్నవి ఇవే: ఒక ద్రవం, దాన్ని లాగే వత్తి, వత్తిని వేడిచేసే తీగ. తేడా ఎక్కడంటే, దోమల మందు సీసా నెలరోజులు నిదానంగా ఖర్చవుతుంది, ఇక్కడ రెండు మూడు సెకన్లలో నోరు నిండాలి. అందుకోసం వేడి చాలా పెంచాలి. పైగా ఆ మందు గదిలోకి పోతుంది, ఇది తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వాడి పారేసే రకం ఈ-సిగరెట్ ఒకదాన్ని నిలువునా చీల్చి చూద్దాం. లోపల సగానికి పైగా జాగా బ్యాటరీదే. సెల్‌ఫోనులో ఉండే జాతి బ్యాటరీ, లిథియం అయాన్‌ది, సుమారు 3.7 వోల్టులది. దాని అడుగున చిటికెనవేలి గోరంత గుండ్రటి బిళ్ల ఉంటుంది. ఆ బిళ్లలో పల్చటి పొర ఒకటి బిగించి ఉంటుంది. మనిషి రెండో కొసన నోరు పెట్టి దమ్ము లాగగానే గొట్టంలో గాలి పీడనం కాస్త తగ్గుతుంది, పొర అటు వంగుతుంది, సర్క్యూట్ కలుస్తుంది. అందుకే వీటిలో చాలావాటికి స్విచ్చి ఉండదు. లాగడమే స్విచ్చి. వెంటనే కొసన చిన్న లైటు వెలుగుతుంది. దానివల్ల యంత్రానికి ఒరిగేదేమీ లేదు, సిగరెట్ కొస ఎర్రబడినట్టు కనపడాలని పెట్టిన అలంకారం అది. లాగుతూనే ఉంటే ఎనిమిది పది సెకన్లకు లోపలి చిప్ కరెంటు ఆపేస్తుంది.

బ్యాటరీకి పైన ద్రవంలో నానిన స్పాంజి చుట్ట. ముట్టుకుంటే వేళ్లకు జిగురు అంటుతుంది. చుట్ట నడుమ సన్నటి గొట్టం, గొట్టంలో అసలు సరుకు: కాయిల్. పావు మిల్లీమీటరు మందం ఉన్న తీగను నాలుగైదు చుట్లు తిప్పిన స్ప్రింగు. నికెల్, క్రోమియం కలిపిన నిక్రోమ్ తీగ కావచ్చు, ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిపిన కాంథాల్ కావచ్చు. చుట్ల మధ్యనుంచి దూది వత్తి దూర్చి ఉంటుంది. కొత్తదైతే ఆ దూది తెల్లగా ఉంటుంది. వాడేసినదాంట్లో తీగకు నల్లటి పెచ్చు కట్టి, దూది ముదురు గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. మంటే లేదన్న యంత్రంలో ఈ మాడు ఎక్కడిది? ఈ ప్రశ్నను కాస్త పక్కన పెట్టుకోండి.

ద్రవం సంగతి. అందులో ఎక్కువ భాగం రెండే రెండు పదార్థాలు. ఒకటి ప్రొపిలీన్ గ్లైకాల్, రెండోది గ్లిజరిన్. ఈ రెండూ సినిమావాళ్లకు పాత చుట్టాలే. పాటల్లో నాయికా నాయకుల చుట్టూ తేలే పొగమబ్బుకు మొదటి రకం వాడతారు, ఏడుపు సీన్లో కళ్లకు రెండోది పెడతారు. ప్రొపిలీన్ గ్లైకాల్ పల్చగా ఉంటుంది, వాసనల్నీ రుచుల్నీ బాగా మోస్తుంది. గ్లిజరిన్ చిక్కన, కాస్త తీపి, మబ్బు దట్టంగా రావడం దాని చలవే. వీటిలో నికోటిన్ కలుపుతారు. ఆపైన మామిడి, పుదీనా, పుచ్చకాయ, కాఫీ వంటి వాసనల ఎసెన్సులు.

ఇక దమ్ము లాగిన ఆ మూడు సెకన్లలో ఏం జరుగుతుందో చూద్దాం. విద్యుత్తు తీగ గుండా పోతే తీగ వేడెక్కుతుంది. ఇస్త్రీపెట్టెకు, గీజరుకు ఉన్న సూత్రమే. తీగ నిరోధం 1.8 ఓమ్‌లు అనుకుందాం. 3.7 వోల్టుల బ్యాటరీ దానిలోకి సుమారు 2 ఆంపియర్లు పంపుతుంది. అంటే ఏడున్నర వాట్లు. చిన్న అంకెలాగే అనిపిస్తుంది గానీ అదంతా నాలుగైదు సెంటీమీటర్ల సన్నతీగ మీదే పడుతోంది. తీగ క్షణంలో కాలిపోయే వేడికి చేరాలి. చేరదు. ఎందుకు చేరదన్నదే ఈ యంత్రంలో తెలుసుకోవలసిన కీలకం.

ద్రవం ఆవిరి కావాలంటే వేడి కావాలి, అదీ చాలా వేడి. తీగలో పుట్టిన వేడిని పుట్టినట్టే ఆ తడి లాగేసుకుని ఆవిరైపోతుంది. ఆవిరైన చోటికి వత్తి కొత్త ద్రవాన్ని తెచ్చి పెడుతుంది. అందుకని వత్తి తడిగా ఉన్నంతసేపు తీగ ఉష్ణోగ్రత ఆ ద్రవం మరిగే ఉష్ణోగ్రత దగ్గరే తచ్చాడుతుంది. ప్రొపిలీన్ గ్లైకాల్ 188 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది, నికోటిన్ 247 దగ్గర, గ్లిజరిన్ 290 దగ్గర. అన్నీ కలిసిన మిశ్రమం వీటి నడుమ ఎక్కడో మరుగుతుంది. చూశారా, వేడి అదుపులో ఉండటానికి ఇక్కడ వేరే తెలివైన ఏర్పాటేదీ లేదు. ఖరీదైన కొన్ని రకాల్లో ఉష్ణోగ్రతను కొలిచి కరెంటు తగ్గించే చిప్ ఉంటుంది, నిజమే. చవకబారు వాటిలో మాత్రం కాపలాదారు ఒక్కటే: వత్తిలోని తడి.

సరే, ఆవిరైంది. ఆవిరి కంటికి కనపడదు. తీగను దాటగానే దానికి మనిషి పీల్చుకుంటున్న బయటి గాలి తగులుతుంది. చల్లగాలి తగలగానే ఆవిరి మళ్లీ ద్రవమైపోతుంది. కాకపోతే ఒక్క బొట్టుగా కాదు, కోట్లకొద్దీ తుంపర్లుగా. ఒక్కో తుంపర మిల్లీమీటరులో వెయ్యోవంతు కన్నా చిన్నది. అవి వెలుతురును చెదరగొడతాయి కాబట్టి మనకు తెల్లటి మబ్బుగా కనపడతాయి. నోట్లోకి పోయేది ఈ తుంపర. గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, ఎసెన్సు కలిసిన తుంపర. అంత చిన్న తుంపర్లు గొంతులోనే ఆగిపోవు, ఊపిరితిత్తుల చివరి గాలితిత్తుల దాకా వెళ్లగలవు. అక్కడినుంచి నికోటిన్ రక్తంలో కలిసి కొద్ది సెకన్లలో మెదడుకు చేరుతుంది. వదిలిన మబ్బు కాసేపటికి గాలిలో ఇంకిపోతుంది, గోడలకు నల్లమసి పట్టదు. అందుకే వాడేవాళ్లకు అది నీటి ఆవిరిలా అనిపిస్తుంది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. సిగరెట్ కొసన దమ్ము లాగిన క్షణాన నిప్పు 900 డిగ్రీలకు చేరుతుంది. ఆ మంటలో ఆకు, కాగితం అన్నీ కాలి వేలకొద్దీ రసాయనాలు పుడతాయి. ఊపిరితిత్తుల్లో పేరుకునే తారు, రక్తంలో ప్రాణవాయువు చోటును ఆక్రమించే కార్బన్ మోనాక్సైడ్ ఆ మంట బిడ్డలే. మంటే లేకపోతే వాటి బెడద చాలావరకు లేదు. మా ఉత్తరాంధ్ర తీరాన అడ్డపొగ తాగే ఆడవాళ్లను చూసినవారికి నిప్పు చేసే చేటు విడమరిచి చెప్పనక్కర్లేదు. చుట్ట వెలుగుతున్న కొసను నోట్లో పెట్టుకుని పీల్చే అలవాటది. అంగుడు తెల్లబడి, పుండ్లు పడి, కొందరికి అక్కడే క్యాన్సర్ వచ్చిన సంగతిని విశాఖ, శ్రీకాకుళం వైపు డాక్టర్లు దశాబ్దాలుగా రాస్తూనే ఉన్నారు. నిప్పును తీసేయడం చిన్న విషయమేమీ కాదు.

బ్రిటన్ ప్రభుత్వం ఈ తర్కాన్నే పట్టుకుంది. సిగరెట్ కన్నా ఇవి 95 శాతం తక్కువ హానికరమన్న అంచనాను 2015లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ప్రకటించింది. ఆ 95 అంకెకు ఆధారం బలహీనంగా ఉందని లాన్సెట్ పత్రిక సంపాదకీయం అప్పుడే గట్టిగా తప్పుపట్టింది. మరోవైపు వైద్య పరిశోధనలన్నిటినీ జల్లెడ పట్టే కాక్రేన్ సమీక్షల్లో, సిగరెట్ మానాలనుకున్నవారికి నికోటిన్ ప్యాచ్‌లు, గమ్‌ల కన్నా నికోటిన్ ఉన్న ఈ-సిగరెట్లు ఎక్కువగా ఉపయోగపడ్డాయని తేలింది. ఇది దాచవలసిన విషయం కాదు. కానీ ఆ ఫలితం ఎవరికి వర్తిస్తుంది? రోజుకు పెట్టె కాల్చే నడివయసు మనిషికి. జన్మలో సిగరెట్ ముట్టని పదిహేడేళ్ల పిల్లవాడికి మానడానికి ఏముంది గనక?

ఇక ఇందాక పక్కన పెట్టిన మాడు సంగతి. వత్తి ఎండిపోతే ఏమవుతుంది? ట్యాంకులో ద్రవం అడుగంటి ఉండవచ్చు, వెంటవెంటనే దమ్ములు లాగడంతో వత్తి అందించలేకపోయి ఉండవచ్చు, బ్యాటరీ వోల్టేజి మరీ పెంచి ఉండవచ్చు. వేడిని లాగేసుకునే తడి లేదు. తీగ ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఎగబాకుతుంది. అప్పుడు గ్లిజరిన్ ఆవిరి కావడంతో ఆగదు, విరిగిపోతుంది. విరిగితే పుట్టేది అక్రోలిన్. మూకుట్లో నూనె మాడినప్పుడు కళ్లు మండించి దగ్గు తెప్పించే ఘాటులో ఉండేది అదే అక్రోలిన్. ప్రొపిలీన్ గ్లైకాల్ విరిగితే ఫార్మాల్డిహైడ్, ఎసిటాల్డిహైడ్ వస్తాయి. మెడికల్ కాలేజీలో శవాలను నిల్వచేసే ఫార్మలిన్ అంటే నీళ్లలో కలిపిన ఫార్మాల్డిహైడే.

దీనిమీద 2015లో పెద్ద వాదమే నడిచింది. అమెరికాలోని పోర్ట్‌లాండ్ స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్రవేత్తలు న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ ప్రచురించారు. ఒకే పరికరాన్ని 3.3 వోల్టుల దగ్గర నడిపితే ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేసే పదార్థాలు దొరకలేదు, 5 వోల్టుల దగ్గర నడిపితే బాగా దొరికాయి. పత్రికలు ఈ రెండో సగాన్ని పట్టుకుని గోల చేశాయి. గ్రీసుకు చెందిన గుండె వైద్యుడు ఫర్సలినోస్ లాంటివారు లేచి, ఆ పరికరాన్ని 5 వోల్టుల దగ్గర నడిపితే వత్తి మాడి భరించలేని చేదు వస్తుందని, మనిషన్నవాడు అలా రెండో దమ్ము లాగడని బదులు చెప్పారు. నా దృష్టిలో ఇద్దరూ ఒకే సంగతి చెప్పారు. మబ్బులో ఏముందన్నది ద్రవం సీసామీది అక్షరాలను బట్టి తేలదు, ఆ క్షణాన తీగ ఎంత వేడిగా ఉందన్నదాన్ని బట్టి తేలుతుంది. పైగా పూర్తిగా ఎండడానికి, పూర్తిగా తడిగా ఉండడానికి మధ్య చాలా దూరం ఉంది. వత్తి అరకొరగా తడిసి ఉన్నప్పుడు పుట్టే కొద్దిపాటి మాడును మామిడి ఎసెన్సు తేలిగ్గా కప్పేస్తుంది.

కుర్రకారులో ఇంకో సరదా ఉంది: పెద్దపెద్ద మబ్బులు ఊదడం. అందుకు తీగ నిరోధాన్ని ఒక ఓమ్ కన్నా కిందికి దించుతారు. అరఓమ్‌కి దించితే అదే బ్యాటరీ ఏడున్నర వాట్లకు బదులు 27 వాట్లు కుమ్మరిస్తుంది. లెక్క సరళమే, వోల్టేజీని వోల్టేజీతో గుణించి నిరోధంతో భాగించడమే. మబ్బు పెరుగుతుంది, బ్యాటరీ మీద భారమూ పెరుగుతుంది. లిథియం బ్యాటరీ తట్టుకోలేకపోతే ఎలా అంటుకుంటుందో ఫోన్ల వార్తల్లో చూస్తూనే ఉన్నాం. అందుకే విమానంలో చెక్-ఇన్ సామానులో ఈ-సిగరెట్లు పెట్టకూడదని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2015లోనే నిషేధించింది. ఇక తీగ లోహం కూడా ఊరికే ఉండదు. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు 2018లో సీసాలోని ద్రవాన్ని, తీగను దాటి వచ్చిన తుంపరను విడివిడిగా పరీక్షించారు. సీసాలో లేనంత సీసం, నికెల్, క్రోమియం తుంపరలో దొరికాయి. అవి తీగనుంచి, దాని టాంకాలనుంచి వచ్చినవే అయ్యుండాలి.

ఈ వస్తువు పుట్టుక కథ కూడా వేడి చుట్టూనే తిరిగింది. అమెరికాలో పెన్సిల్వేనియాకు చెందిన హెర్బర్ట్ గిల్బర్ట్ అనే ఆయన పొగాకూ పొగా లేని సిగరెట్‌కు 1963లో పేటెంటు దరఖాస్తు పెట్టి 1965లో పొందాడు. కాలే ఆకుకు బదులు తేమ, వాసన కలిసిన వెచ్చటి గాలిని పీల్చడం ఆయన ఊహ. సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ముడిపెడుతూ అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 1964 జనవరిలోనే వచ్చింది. అయినా ఆయన వస్తువును తయారుచేసి అమ్మడానికి ఏ కంపెనీ ముందుకు రాలేదు. చిన్న గొట్టంలో పట్టే బలమైన బ్యాటరీ కూడా అప్పటికి లేదు.

నలభై ఏళ్ల తర్వాత చైనాలో షెన్యాంగ్ నగరానికి చెందిన హాన్ లిక్ అనే ఫార్మసిస్టు దీన్ని మళ్లీ పట్టుకున్నాడు. ఆయన స్వయంగా విపరీతంగా సిగరెట్లు కాల్చేవాడు. తండ్రి ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. హాన్ లిక్ 2003లో పేటెంటు తీసుకున్న పరికరం ద్రవాన్ని ముఖ్యంగా అల్ట్రాసౌండ్ కంపనాలతో తుంపరగా మార్చేది. వేడితీగ అందులో ప్రధానం కాదు. తర్వాత వచ్చిన తయారీదారులు చవక, తేలిక అని వేడితీగకే మొగ్గారు. పదేళ్లు తిరిగేసరికి, 2013లో, ఆయన కంపెనీ పేటెంట్లను ఏడున్నర కోట్ల డాలర్లకు కొన్నది ఎవరనుకున్నారు? ఇంపీరియల్ టొబాకో. సిగరెట్ల కంపెనీ.

వేడి తర్వాత ఈ వస్తువులో రెండో కిటుకు నికోటిన్‌లో ఉంది. మామూలు నికోటిన్ క్షారగుణం ఉన్నది, ఎక్కువ మోతాదులో పీలిస్తే గొంతు పట్టేస్తుంది, దగ్గు వస్తుంది. ఆ దగ్గే ఒక హెచ్చరిక. 2015లో అమెరికాలో జూల్ అనే బ్రాండు నికోటిన్‌కు బెంజోయిక్ ఆమ్లం కలిపి లవణంగా మార్చిన సరుకుతో మార్కెట్లోకి వచ్చింది. ఆ లవణం గొంతుకు మెత్తగా దిగుతుంది. దాంతో గాఢత పెంచుకుంటూ పోయారు. ఐరోపా సమాఖ్య మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి నికోటిన్ ఉండకూడదని చట్టం చేస్తే, అమెరికాలో అమ్మిన జూల్ పాడ్‌లలో దానికి దాదాపు మూడు రెట్లు ఉండేది. 2019 నాటికి అమెరికా హైస్కూలు పిల్లల్లో నూటికి 27 మందికి పైగా ఈ-సిగరెట్లు వాడుతున్నట్టు ప్రభుత్వ సర్వేలోనే తేలింది. నన్నడిగితే వేడితీగ కన్నా ఈ లవణమే పెద్ద మాయ. హెచ్చరించే గొంతు నోరు నొక్కేశారు.

నికోటిన్ అంటే ఏమిటో మన రైతులకు ఒకరు చెప్పనక్కర్లేదు. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం 1976 నుంచి గుంటూరులోనే ఉంది. ప్రకాశం జిల్లా బ్యారన్లలో వర్జీనియా ఆకు తరతరాలుగా ఎండుతోంది. మంచుకు తడిసిన పచ్చాకు చేత్తో కోసే కూలీలకు ఒక్కోసారి తలతిరుగుడు, వాంతులు వస్తాయి. ఆకులోని నికోటిన్ చర్మం గుండా లోపలికి పోవడమే దానికి కారణం. ప్రకృతి సేద్యం చేసేవాళ్లు పురుగుల కోసం కాచే అగ్నిఅస్త్రంలో గోమూత్రం, పచ్చిమిర్చి, వెల్లుల్లి, వేపాకుతో పాటు పొగాకు వేస్తారు. పురుగును చంపేది ఆ నికోటినే. నికోటిన్ సల్ఫేట్ అనే పురుగుమందును మన దేశంలో వాడకూడదని నిషేధించారు, ఎగుమతికి మాత్రమే తయారుచేయనిస్తారు. పొలంలో చల్లడానికి వద్దనుకున్నదాన్ని పుచ్చకాయ వాసన వేసి పీల్చుకుంటున్నామన్నమాట.

వాసనల దగ్గర చాలామంది ఒక తర్కం తీస్తారు: ఇవి కేకుల్లో, ఐస్‌క్రీముల్లో వేసేవే కదా, తింటే ఏమీ కాదు కదా అని. పొట్ట వేరు, ఊపిరితిత్తి వేరు. పొట్టలో ఆమ్లం ఉంది, వెనకాల కాలేయం ఉంది. ఊపిరితిత్తిలో గాలికీ రక్తానికీ మధ్య ఉన్నది ఒక పల్చటి పొర మాత్రమే. డైఅసిటైల్ అనే పదార్థం వెన్న వాసన ఇస్తుంది, తినడానికి ప్రమాదం లేదు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో మైక్రోవేవ్ పాప్‌కార్న్ తయారుచేసే కర్మాగారంలో దాని ఆవిరి రోజూ పీల్చిన కార్మికుల ఊపిరితిత్తుల సన్ననాళాలు మచ్చకట్టి మూసుకుపోయిన సంగతి 2000లో బయటపడింది. ఆ తర్వాత హార్వర్డ్ పరిశోధకులు 51 రకాల ఈ-సిగరెట్ ఫ్లేవర్లను పరీక్షిస్తే 39 రకాల్లో డైఅసిటైల్ దొరికింది.

ఇంతకన్నా భయంకరమైన పాఠం 2019 వేసవిలో అమెరికా నేర్చుకుంది. ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లు ఊపిరాడక ఆసుపత్రుల్లో చేరడం మొదలైంది. 2020 ఫిబ్రవరి నాటికి 2,807 కేసులు, 68 మరణాలు లెక్కకు వచ్చాయి. వాళ్లలో ఎక్కువమంది పీల్చింది గంజాయి సారం నింపిన దొంగ సరుకు. నూనెలాంటి ఆ సారాన్ని పల్చన చేసినా చిక్కగా కనపడేందుకు అమ్మకందారులు విటమిన్ ఈ అసిటేట్ కలిపారు. 51 మంది రోగుల ఊపిరితిత్తుల ద్రవాన్ని పరీక్షిస్తే 48 మందిలో అది కనపడింది. ముఖానికి రాసుకునే క్రీముల్లో, మింగే మాత్రల్లో ఉండే పదార్థమది. తీగ మీద మరిగించి పీల్చినప్పుడు మాత్రం ప్రాణం తీసింది. మామూలు నికోటిన్ ద్రవానికి ఈ నేరం అంటగట్టకూడదు. కానీ ఒక్క సంగతి గమనించండి: ఆ కార్ట్‌రిడ్జిల మీద కూడా రంగురంగుల లేబుళ్లు, కంపెనీ పేర్లు ఉన్నాయి. లోపలేముందో కొన్నవాడికి తెలియదు, చాలాచోట్ల అమ్మినవాడికీ తెలియదు.

మన దేశానికి వస్తే, 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సుతో ఈ-సిగరెట్లను నిషేధించారు. ఆ ఏడాది చివర్లోనే అది చట్టమైంది. తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, నిల్వ, ప్రకటన అన్నీ నేరాలే. మొదటిసారి దొరికితే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే మూడేళ్ల జైలు, ఐదు లక్షల జరిమానా దాకా పోవచ్చు. నిల్వ ఉంచినందుకు విడిగా ఆరు నెలల జైలు లేదా యాభై వేల జరిమానా వరకు ఉంది. ఈ చట్టంలో నిర్వచనం నాకు నచ్చింది. ఏదైనా పదార్థాన్ని వేడిచేసి పీల్చడానికి తుంపర పుట్టించే ఎలక్ట్రానిక్ పరికరం అంటూ యంత్రం పనిచేసే తీరునే పట్టుకుంది. నికోటిన్ ఉన్నా లేకపోయినా అని స్పష్టంగా చెప్పింది. "మాదాంట్లో నికోటిన్ లేదండీ" అని అమ్మేవాడి మాట అందుకే చెల్లదు. ఈ-హుక్కా, పొగాకును కాల్చకుండా వేడిచేసే పరికరాలు కూడా ఇందులోకే వస్తాయి.

సిగరెట్, బీడీ, చుట్ట యథేచ్ఛగా అమ్ముతూ, వాటికన్నా తక్కువ చేటు చేసేదాన్ని నిషేధించడం ఏమి న్యాయమని కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. అయినా నేను నిషేధం వైపే ఉంటాను. ఎందుకంటే పొగాకు అలవాటున్న దేశంలో సిగరెట్‌ను ఒక్క రోజులో ఆపలేం, కానీ ఇంకా అలవాటుపడని పిల్లలను కొత్తదాని జోలికి పోకుండా ఆపగలం. బ్రిటన్ కూడా చివరికి 2025 జూన్ 1 నుంచి వాడి పారేసే రకాలను నిషేధించక తప్పలేదు. నా ఫిర్యాదు అమలు మీద. కాలేజీల చుట్టుపక్కల గుట్టుగా అమ్ముడుపోయే సరుకు ఏ ప్రయోగశాలా చూడనిది. దాని తీగ ఏ లోహమో, ద్రవంలో నికోటిన్ ఎంతో, వత్తి ఎప్పుడు ఎండుతుందో ఎవరూ కొలవలేదు. నిషేధం కాగితం మీదే ఆగిపోతే మిగిలేది అన్నిటికన్నా నాసిరకం సరుకే.

విదేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలకు ఒక మాట. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో దుకాణంలో దర్జాగా కొన్నది శంషాబాద్‌లో బ్యాగులోంచి తీస్తే దిగుమతి నేరం అవుతుంది. సింగపూర్‌లోనైతే దగ్గర పెట్టుకోవడమే నేరం.

తల్లిదండ్రులకు కూడా రెండు మాటలు. పిల్లల గదిలో ఉన్నట్టుండి పళ్ల వాసన, తరచూ నోరెండిపోవడం, ఛార్జింగ్ కేబుల్‌తో కొత్త గొట్టం లాంటి వస్తువు కనపడితే కేకలు వేయకండి. ముందు కూర్చోబెట్టి మాట్లాడండి. అది నీటి ఆవిరి కాదని, అందులో ఏముందో, తీగ వేడెక్కితే ఏమవుతుందో చెప్పండి. వేడి సంగతి పిల్లలకు తొందరగా అర్థమవుతుంది, భౌతికశాస్త్రం వాళ్ల పాఠమే కదా. ఇక సిగరెట్ అయినా, చుట్ట అయినా, గుట్కా అయినా, ఈ గొట్టమైనా, మానాలని ఉండి మానలేకపోతున్నవారు ప్రభుత్వం నడిపే ఉచిత క్విట్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. సిగరెట్ పెట్టెల మీద అచ్చువేసే నంబరే అది: 1800-11-2356. కాగితం, పెన్ను దగ్గరుంటే రాసుకోండి. మళ్లీ చెబుతున్నాను: 1800-11-2356.